పాట కింద మాట కోసం పర్చూరు దాకా

గుంటూరు వెళ్ళొచ్చానంటే హైదరాబాదులో ఎవరైనా ముందు అడిగేది, కారం తెచ్చావా అని. తెచ్చాను. కానీ నేను వెళ్ళింది కారం కోసం కాదు, ఒక మనిషి గొంతు కోసం. అదేమిటో అర్థం కావాలంటే మా పని గురించి నాలుగు ముక్కలు చెప్పాలి.

మేం ఐదుగురం స్నేహితులం. ఎవరి ఉద్యోగాలు వారివి. సాయంత్రాలు ఒక అద్దె గదిలో కూర్చుని చిన్న చిన్న సినిమాలు పోగేస్తుంటాం. మగవాడిని ప్రేమించిన మగవాడి కథ, ఆడదాన్ని ప్రేమించిన ఆడదాని కథ, హిజ్రాల కథలు. ఏ నిర్మాతా లేకుండా వాళ్ళకు వాళ్ళే తీసుకున్నవి. క్యాసెట్లకు బూజు పడుతుంది, సీడీలు గీతలు పడిపోతాయి, ఇల్లు మారేటప్పుడు ఎవరో ఒకరు చెత్తబుట్టలో వేస్తారు. అందుకని వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి, రెండు ఊళ్ళలో రెండు హార్డ్ డిస్కుల్లో దాస్తాం. తీసినవాళ్ళూ నటించినవాళ్ళూ సరేనంటే మా వెబ్‌సైట్‌లో పెడతాం. ఇవి హాల్లో ఆడేవి కావు, టీవీలో వచ్చేవీ కావు. చూడాలనుకున్న మనిషికి నెట్ సెంటర్లో కర్టెన్ ఉన్న గది అరగంట దొరికితే అదే సినిమా హాలు. నేనూ ఆ కోవలోని మనిషినే కాబట్టి ఆ అరగంట విలువ నాకు తెలుసు.

ఒకసారి నరసరావుపేట నుంచి ఎవరో మెయిల్ రాశారు. బెంగాలీ ఉంది, మలయాళం ఉంది, తెలుగులో ఒక్కటి కూడా లేదా అని అడిగారు. సిగ్గేసింది. వెతగ్గా వెతగ్గా ఒక వీసీడీ దొరికింది. పేరు ‘కల్లం కాపలా’. తీసింది పొన్నూరులో పెళ్ళిళ్ళకు వీడియో తీసే మస్తాన్ అనే ఆయన. కోసిన మిరపకాయల్ని కల్లంలో ఎండబోసినన్నాళ్ళూ రైతులు రాత్రిళ్ళు అక్కడే పడుకుని కాపలా కాస్తారు కదా. అలా కాపలాకి పడుకున్న ఇద్దరు కుర్రాళ్ళ కథ అది. బొమ్మ మసక, నడక తిన్నగా లేదు, దృశ్యం మారినప్పుడల్లా పెళ్ళి వీడియోలో లాగా తెర మీద హృదయం ఆకారం తెరుచుకుంటుంది. అయినా చూస్తున్నంతసేపూ కదల్లేకపోయాను. సినిమా మొత్తం మీద మాటలున్నది ఒక్క చోటే. ఆ అసలు ఘట్టంలోనే, ఇద్దరూ పెదవులు కదిపి ఏదో చెప్పుకుంటుంటే, మాటలు వినపడవు. పైన అప్పటి హిట్టు పాట ఒకటి పూర్తిగా వేసేశాడు మహానుభావుడు.

ఆ పాట మాది కాదు, అలాగే పెట్టడానికి వీల్లేదు. తీసేస్తే అక్కడ ఏమీ మిగలదు. మాటలు ఉన్న అసలు క్యాసెట్ కావాలి. ఫోన్ చేస్తే మస్తాన్, ‘ఉంది మేడం, భద్రంగా ఉంది, రండి’ అన్నాడు. ఎక్కడుందో మాత్రం చెప్పలేదు.

గుంటూరు: ఇడ్లీ మీద దాడి

మార్చి నెలలో గుంటూరు స్టేషన్లో దిగగానే గాలే చెబుతుంది ఎక్కడికొచ్చామో. నేను ఆటో ఎక్కేలోపే ఏడెనిమిది సార్లు తుమ్మాను. ఆటో ఆయన వెనక్కి తిరిగి కూడా చూడలేదు. కొత్తవాళ్ళు తుమ్ముతారు, అంతే.

టిఫిన్ హోటల్లో నాలుగు ఇడ్లీ పన్నెండు రూపాయలు. ఇడ్లీ అడిగితే దాని మీద గరిటెడు నెయ్యి, ఆ నెయ్యి మీద పిడికెడు కారప్పొడి, పక్కన అల్లం చట్నీ వచ్చాయి. మాది విజయనగరం. మా వైపు వంటలోకి మిరపకాయ వేస్తాం. ఇక్కడ మిరపకాయలోకి వంట వేస్తారు. రెండో ఇడ్లీకే కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఆ కళ్ళను అదే చేత్తో తుడుచుకున్నాను, ఇక చూడండి నా అవస్థ. ఎదురుగా కూర్చున్న రైతు తన మంచినీళ్ళ గ్లాసు నా వైపు జరిపి, మాది ఏ ఊరో అడిగి తెలుసుకుని, ‘మీరు పులుసులో బెల్లం వేసుకుంటారంట గదమ్మా’ అన్నాడు, ఏదో జబ్బు గురించి పరామర్శించినట్టు. ఆయన మిర్చి యార్డుకి సరుకు తెచ్చాడట. ధర పలికేదాకా ఊరికి పోడట. నేను ఎందుకొచ్చానని అడిగితే సినిమా పని అన్నాను. హీరో ఎవరన్నాడు. మిరపరైతు అన్నాను. ఆయనకు చాలా నచ్చింది.

పొన్నూరు: మూఢంలో తీసిన సినిమా

పొన్నూరు బస్సు ఊరు దాటి పోయేకొద్దీ ఎరుపు తగ్గి పచ్చదనం వస్తుంది. వరి కోసేసిన మళ్ళల్లో మినుము, మొక్కజొన్న, పక్కన కాలవలు. చూడ్డానికి హాయి. క్యాసెట్లకు మాత్రం ఆ చెమ్మ యముడు. ఆ మాట మస్తానే చెప్పాడు.

ఆయన ముప్ఫై అయిదేళ్ళ భారీ మనిషి. స్టూడియో నిండా పెళ్ళికూతుళ్ళ ఫోటోలు. నన్ను తిన్నగా ఇంటికి తీసుకెళ్ళాడు. ఆయన భార్య చేపల పులుసు, గోంగూర వడ్డించింది. వాళ్ళు తరతరాలుగా ఇక్కడివాళ్ళే, ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటారు. పులుసు కారం చూసి నా మొహం మారితే ఆవిడ మాట్లాడకుండా ఒక గిన్నెడు పెరుగు తెచ్చి పక్కన పెట్టింది. ఈ ప్రాంతంలో నాకు దొరికిన మర్యాదల్లో అది మొదటి వరసలోది.

భోజనాలయ్యాక మస్తాన్ కథంతా చెప్పాడు. తను, పర్చూరు దగ్గరి రైతు ఆంజనేయులు, మిర్చి యార్డులో కాటా గుమస్తాగా చేసిన శౌరి, ముగ్గురూ ఇంటర్‌లో ఒకే బెంచి. మిగతా ఇద్దరి సంగతి తనకు అప్పటి నుంచీ తెలుసు. ఊళ్ళో వాళ్ళను జోడెద్దులని వేళాకోళం చేసేవారట, అంతకు మించి ఎవరూ ఆలోచించలేదు. ఒక ఏడు మూఢం వచ్చి పెళ్ళిళ్ళు ఆగిపోయాయి. కెమెరా ఖాళీ, కల్లాల్లో కాయలు, మనుషులు సిద్ధం. వాళ్ళ కథే వాళ్ళ చేత ఆడించాడు. వీసీడీలు కొన్ని కొట్టించి తెలిసినవాళ్ళకు మాత్రం ఇచ్చాడు. ఆ తరవాత కొన్నాళ్ళకు హైవే మీద లారీ గుద్ది శౌరి చనిపోయాడు. వాళ్ళవాళ్ళు సమాధి చేస్తుంటే ఆంజనేయులు సమాధుల దొడ్డి గేటు బయట సైకిల్ పట్టుకుని నిలబడ్డాడట. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు.

శౌరికి మిగిలింది ఒక్క అక్క. ఆవిడకు మస్తాన్ ముందే ఫోన్ చేశాడు. వాడు కనపడతాడంటే పెట్టుకోండి అన్నదట. ఇక అడగాల్సింది ఆంజనేయుల్ని.

ఆ పాట ఎందుకు వేశారని నిలదీశాను. నా గొంతులో కోపం ఉంది, దాచలేదు. ఆయన కాసేపు తల గోక్కున్నాడు.

“పెళ్ళి వీడియోల్లో మాటలుంటే ఎవరూ చూడరు మేడం, పాట వెయ్యటం అలవాటు. అలవాటనే అనుకున్నా. కానీ ఆ మాటలు వినపడితే ఎవడేమంటాడోనని భయమేసింది. అదీ నిజం.”

క్యాసెట్ ఎక్కడని అడిగితే, పదండి, స్వెటర్ ఉందా అన్నాడు. నలభై డిగ్రీల ఎండలో.

మళ్ళీ గుంటూరు: మంకీ టోపీల లోకం

గుంటూరు శివార్లలో మిర్చి దాచే కోల్డ్ స్టోరేజీలు వరసగా ఉంటాయి. కిటికీలు లేని పెద్ద పెద్ద గోడలు. రేటు లేనప్పుడు రైతు తన బస్తాలు ఇక్కడ పడేసి మంచి రోజు కోసం చూస్తాడు. అలాంటి ఒకదాంట్లో మస్తాన్ బావమరిది మేస్త్రి. పొన్నూరు చెమ్మకు సగం క్యాసెట్లు పాడయ్యాక, మస్తాన్ ఈ ఒక్కటీ రేకు డబ్బాలో పెట్టి, డబ్బాని గోనెసంచిలో కుట్టించి, అక్కడి మిరప బస్తాల మధ్య దాయించాడు. మేం గదికి ఏసీ పెట్టించలేక నానా తంటాలు పడుతుంటే ఈయన గుంటూరు మిర్చితో పాటు సినిమాను దాచాడు. నవ్వొచ్చింది, మెచ్చుకోలూ కలిగింది.

బయట మనుషులు ఎండకు తువ్వాళ్ళు చుట్టుకుంటే లోపల హమాలీలు మంకీ టోపీలు, స్వెటర్లు వేసుకుని తిరుగుతున్నారు. తలుపు తీయగానే చలి, దాని వెంట ఘాటు. ఆ సంచి విప్పేసరికి నలుగురం వరసగా తుమ్మాం. డబ్బాలో నల్లటి పెద్ద క్యాసెట్, దాని మీద మస్తాన్ చేతిరాతతో ‘కల్లం’ అని ఉంది. ముట్టుకుంటే ఐసుగడ్డ.

అంత చల్లటిదాన్ని ఈ ఎండలోకి తెచ్చి వెంటనే ఆడిస్తే టేపు మీద నీటి చెమ్మ పట్టి పాడవుతుంది. ఆత్రం ఎంతున్నా ఆగాలి. మేస్త్రి కూడా, మా బస్తాలైనా బయటికి తీశాక ఒక పూట వదిలేస్తామండీ అన్నాడు. క్యాసెట్‌ను మూడు తువ్వాళ్ళలో చుట్టి లాడ్జి గదిలో బల్ల మీద పెట్టుకుని పడుకున్నాను.

పర్చూరు బస్సులో

పొద్దున్నే మస్తాన్ తన పాత వీసీఆర్ ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాడు. నా దగ్గర ల్యాప్‌టాప్, తీగలు, చిన్న మైకు. మమ్మల్ని చూసి బస్సులో ఒక్కొక్కరూ అడగడం మొదలుపెట్టారు. పెళ్ళెక్కడ, ఎవరి పిల్ల, భోజనాలు ఎవరివి. ఇదే మా వైపైతే పక్క సీటువాడు మనల్ని గంటసేపు చూసి, దిగేముందు ఒక్క మాట అడుగుతాడు. ఇక్కడ ఎక్కీ ఎక్కకముందే మన కులగోత్రాలు అయిపోతాయి. మస్తాన్ చిలకలూరిపేట దాటేలోపు ఒక పుష్పవతి ఫంక్షన్‌కి బేరం కుదుర్చుకున్నాడు కూడా.

కిటికీ బయట రోడ్డు పక్కన పత్తి ఏరేసిన మోళ్ళు, పందిళ్ళకు గుచ్చి కట్టిన పొగాకు, మధ్యమధ్య ఎర్రటి కల్లాలు. కల్లాల పక్కన చిన్న చిన్న గుడిసెలు, ఒక్కోదాంట్లో రెండు దుప్పట్లు. సినిమాలో చూసినవే. నేను వాటినే చూస్తూ కూర్చున్నాను.

ఓణీల ఫంక్షన్

ఆంజనేయులు ఊరు పర్చూరుకు దగ్గర్లోనే. పేరు రాయను. అన్న చనిపోయాక వదిన కోటేశ్వరమ్మ, తను కలిసి సేద్యం చేసుకుంటున్నారు. సన్నటి మనిషి, మాట తక్కువ. వదినగారికి మాత్రం కొదవలేదు. నేను చెప్పులు విప్పేలోపే, ‘ఎండన పడొచ్చావు, ముందు మజ్జిగ తాగమ్మాయ్, తరవాత నీ కబుర్లు’ అన్నది.

పన్నెండింటికి కరెంటు వచ్చింది. టీవీకి వీసీఆర్ తగిలించాం. ఆంజనేయులు మంచం పట్టె మీద చివరగా కూర్చున్నాడు. శౌరి గొంతు విని ఏడేళ్ళయిందట. ఫోటో ఉంది గానీ గొంతు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోబోతే రావట్లేదు, మస్తాన్ ఫోన్ చేసిన రోజు నుంచీ నిద్ర లేదు అన్నాడు.

మీట నొక్కాను. సన్నాయి మోగింది.

తెర మీద ఒక అమ్మాయి, కొత్త ఓణీ, పూలజడ. చుట్టూ ముత్తయిదువలు అక్షింతలు వేస్తున్నారు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. మస్తాన్ మొహం చూశాక నాకు అర్థమైంది. పెళ్ళి వీడియో తీసేవాళ్ళు పెళ్ళివారికి కాపీ ఇచ్చేశాక అదే క్యాసెట్ మీద ఇంకోటి తీస్తారు. ముహూర్తాలు ముంచుకొచ్చిన రోజుల్లో చేతికందింది కెమెరాలో వేసుకుంటారు. కోల్డ్ స్టోరేజీకి పంపకముందే, ఏదో రద్దీలో, ఈయనో ఈయన దగ్గర పనిచేసేవాడో ‘కల్లం’ మీద ఓణీల ఫంక్షన్ తీసేశారు. తీసి, మళ్ళీ ఆ పెట్టెలోనే పెట్టేశారు. ఇన్నేళ్ళూ మిరపకాయల మధ్య చల్లగా భద్రపరిచింది దీన్నన్నమాట. కొండను తవ్వి ఎలుకను పట్టాం.

మస్తాన్ నేల మీద కూలబడ్డాడు. “నేనే తీసుంటానురా ఆంజనేయులూ, నా చేతులు పడిపోను” అన్నాడు. ఆపేద్దామా అని మస్తాన్ అడిగితే వద్దన్నాను. ఫంక్షన్ టేపు చివరిదాకా ఉండాలని లేదు. అది అయిపోయిన చోట కింద పాతది మిగిలి ఉండొచ్చు. ముందుకు తిప్పుదామంటే టేపు పాతది, తెగుతుందని భయం. ఉన్నదున్నట్టు ఆడనివ్వాలి.

అలా ఆ ఇంట్లో నలుగురం, ఎవరో తెలియని పిల్ల ఓణీల ఫంక్షన్ ఆసాంతం చూశాం. చదివింపులు చూశాం, మేనమామ చీరె పెట్టడం చూశాం, భోజనాల బంతి చూశాం. కోటేశ్వరమ్మగారు ఉండబట్టలేక, ఆ పిల్ల వడ్డాణం గిల్టుదన్నది, వంకాయ కూర చాల్లేదని వడ్డించేవాడి మొహమే చెబుతోందన్నది. మామూలప్పుడైతే పడీపడీ నవ్వేదాన్ని. ఆ పిల్ల హారతి కళ్ళకద్దుకుంటుండగా బొమ్మ అల్లాడి, తెరంతా చుక్కలు పడి, సన్నాయి టక్కున ఆగిపోయింది.

ఎర్రటి కల్లం వచ్చింది. తెల్లారకట్ట తీసిన వెలుతురు. దుప్పటి కప్పుకుని శౌరి. అతని పక్కన కుర్రవాడుగా ఉన్న ఆంజనేయులు అప్పుడే ఏదో అడిగి నోరు మూసినట్టున్నాడు. దూరంగా ఎక్కడో కోడి కూసింది. శౌరి తల తిప్పకుండా, మామూలుగా, లెక్క చెబుతున్నట్టు అన్నాడు.

“రేపు కాయలు యార్డుకి ఏసుకెళ్తే కాపలా అయిపోద్ది. ఎల్లుండి నుంచి నీ పక్కన పడుకోటానికి నా దగ్గర ఏ సాకూ లేదు.”

అంతే. మళ్ళీ చుక్కలు.

మాట మిగిలాక

ఆంజనేయులు ఏడ్చాడు. మొహం దాచుకోలేదు. నేనూ ఏడ్చాను, దానికి కారం కారణం కాదు. కోటేశ్వరమ్మగారు మంచం దగ్గరికి వచ్చి అతని వెనక నిలబడి, ‘అచ్చం వాడే. మా ఇంట్లో ఎన్నిసార్లు తిన్నాడో’ అన్నది మెల్లగా. మస్తాన్ ఇంకో సంగతి చెప్పాడు. తను రాసిచ్చింది ఆ మాట కాదట. నువ్వంటే నాకు ప్రాణం అని రాశాడట. శౌరి అది చదివి, ఇట్టా ఎవడన్నా మాట్లాడతాడా అని నవ్వి, కెమెరా ముందు తన మాట తను చెప్పేశాడట.

ఆ ముక్కను నాలుగుసార్లు కంప్యూటర్లోకి ఎక్కించాను. ఇక అడగాల్సింది అడిగాను, దీన్ని ఇంటర్నెట్‌లో పెట్టమంటారా అని. జవాబు కోటేశ్వరమ్మగారు చెప్పింది, నా కళ్ళలోకి చూస్తూ.

“చట్టం కూడా దీన్ని తప్పంటది గదా. రేపు పొద్దున మా వాడికి ఏదన్నా అయితే మీరొచ్చి ఇక్కడ నిలబడతారా?”

అప్పటికి చట్టం అలాగే ఉంది. ఆవిడకు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. వస్తాను గానీ నేనొచ్చి ఆపగలిగేది తక్కువ అన్నాను. వద్దంటే మా సైట్ నుంచి ఎప్పుడైనా తీసేస్తాం, ఈలోగా ఎవరైనా కాపీ చేసుకుంటే దాన్ని వెనక్కి తేలేం అని కూడా చెప్పాను. అసలు పెట్టకుండా, పాడవకుండా దాచి మాత్రం ఉంచగలం, అదీ పనేనన్నాను. మనసులో మాత్రం నరసరావుపేట మెయిల్ మెదులుతూనే ఉంది. దాన్ని గురించీ చెప్పాను, దాచడం న్యాయం కాదనిపించింది.

ఆంజనేయులు ఆ మెయిల్ రాసిన పేట కుర్రాడి వయసెంతని అడిగాడు. తెలియదన్నాను. ఆ ఘట్టంలో ఇప్పుడు నా మాట వినపడదు గదా అన్నాడు. అవును, పాట తీసేస్తే శౌరి ఒక్కడే మాట్లాడతాడు, మీరు అడిగింది మాత్రం ఫంక్షన్ కింద పోయింది, తెర కింద అక్షరాలు వేస్తాం అన్నాను.

“అక్షరాలెందుకు. అడిగింది నేనే గదా. మళ్ళీ నేనే అడుగుతా” అన్నాడు.

కోటేశ్వరమ్మగారు అతని వైపు చూసింది. అతనూ చూశాడు. ఆవిడ లేచి వెళ్ళి, వీధి తలుపు దగ్గరకి వేసి, గేదె దగ్గర మోగుతున్న రేడియో కట్టేసి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. నేను మైకు అతని ముందు పెట్టాను. సినిమాలో శౌరి పాత్ర పేరు రాజు. అడగాల్సిన మాట చిన్నదే, నిద్ర పట్టలేదా రాజూ అని. ఆంజనేయులు ఆగిపోయిన బొమ్మలో పక్కవాడి మొహాన్ని చూస్తూ గొంతు సవరించుకున్నాడు.

“ఏరా శౌరీ, నిద్ర పట్టలేదా?”

మస్తాన్ చెయ్యెత్తి ఆపాడు. “రాజు గదరా వాడు సినిమాలో. ఇంకోసారి చెప్పు.”

ఆంజనేయులు మైకును నా వైపు జరిపేశాడు. “రాజెవడో నాకు తెలవదు. నేను పిలిచింది శౌరిని. ఇట్టాగే ఉంచుతానంటే పెట్టుకోండి, లేదంటే వద్దు.”

అలాగే ఉంచాం.